అవ్వకు కొత్త ఫోన్ కొనిపెట్టకండి

బాగేపల్లిలోనో చింతామణిలోనో చిక్కబళ్లాపురం పక్క పల్లెలోనో అమ్మానాయనల్ని, అవ్వాతాతల్ని ఉంచి బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న వాళ్ల కోసం ఈ సలహాలు. చదువుతుంటే తలకిందులుగా ఉన్నాయే అనిపిస్తుంది. కానీ ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను.

ఉగాదికి ఊరికి పోతూ పెద్ద ఫోన్ కొనుక్కుపోవద్దు. అవ్వ దగ్గరున్న బటన్ల ఫోన్ ఆమె వేళ్లకు తెలుసు. కళ్లజోడు లేకున్నా, కరెంటు పోయినా రెండో నంబరు నొక్కి పట్టి చెల్లెలితో మాట్లాడగలదు. దాన్ని లాక్కుని నున్నటి తెర చేతిలో పెడితే, నిన్నటిదాకా తనంతట తాను ఫోన్ చేసిన మనిషి ఈరోజు వచ్చిన కాల్ ఎత్తడానికీ మనవడి కోసం ఎదురుచూస్తుంది. డబ్బు పంపడానికైనా ఆ చిన్న ఫోన్ చాలు. ఇంటర్నెట్ లేని ఫోన్ల కోసమే 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు యూపీఐ 123పే ప్రారంభించింది. పెద్ద ఫోన్ కావాలని ఆమె నోరు తెరిచి అడిగిన రోజున ఇవ్వండి. అప్పుడు కూడా పాత ఫోన్ తీసేయకండి, పాత సిమ్ కదిలించకండి.

అడిగింది కదా అని అన్నీ నేర్పడానికి కూర్చోవద్దు. మనం బ్యాంకు యాప్‌తో మొదలుపెడతాం, ఎందుకంటే అది తీరితే మనకు ఒక పని తగ్గుతుంది. ఆమెకు ఏం కావాలో ముందు అడగండి. కైవారం తాతయ్య పాట వినాలని ఉండొచ్చు. చింతామణి తాలూకా కైవారంలో తెలుగులోనూ కన్నడలోనూ కీర్తనలు చెప్పిన ఆ యోగి నారేయణ ఈ పక్క ఊళ్ల వాళ్లకు ఇంటి మనిషి. ఆ పాట ఎక్కడ నొక్కితే వస్తుందో చూపించి అంతటితో ఆపండి. తన చేత్తో పాట పెట్టుకున్న మనిషి రెండో పని తానే అడుగుతుంది.

ఇంట్లో తెలుగు మాట్లాడతారని ఫోన్‌ను తెలుగులో పెట్టొద్దు. ఇది చాలామందికి తోచదు. ఈ తాలూకాల్లో తెలుగు మాట్లాడే పెద్దవాళ్లలో చదువుకున్న వాళ్లు చాలావరకు బడిలో కన్నడ దిద్దినవాళ్లే. బస్సు బోర్డు, రేషన్ కార్డు, పింఛను ఉత్తరం అన్నీ వాళ్లు చదివేది కన్నడలో. తెలుగు అక్షరాల ఫోన్ ఇస్తే, తెలుగు తప్ప ఇంకోటి మాట్లాడని తాత కూడా అందులో ఒక్క ముక్క చదవలేడు. చదివే వాళ్లకు కన్నడ పెట్టండి. చదువు రాని వాళ్లకు గొంతు ఉంది. మైకు గుర్తు నొక్కి పట్టుకుని మాట్లాడి వదలడం నేర్పితే హిందూపురంలో ఉన్న వదినకు, మదనపల్లెలో ఉన్న కూతురికి తన యాసలో తన కబురు తానే పంపగలదు.

సరిహద్దు ఇక్కడ పెద్ద సంగతి. 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం కింద కర్ణాటక ఆడవాళ్లకు మామూలు సర్కారు బస్సుల్లో టికెట్ ఉచితం. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలోనూ అక్కడి ఆడవాళ్లకు అలాంటి పథకమే ఉంది. కానీ ఏ రాష్ట్రం పథకం ప్రధానంగా ఆ రాష్ట్రంలోని ప్రయాణాలకే. బాగేపల్లి అవ్వ బెంగళూరు దాకా ఉచితంగా పోగలదు, ఆంధ్రలో దూరంగా ఉన్న అక్కను చూసిరావాలంటే టికెట్ కొనాలి. పుట్టిల్లు అటు, మెట్టినిల్లు ఇటు ఉన్న ఆడవాళ్లు ఈ ఊళ్లలో ఎందరో. వాళ్లకు వీడియో కాల్ నేర్పేటప్పుడు మొదట మీ నంబరు పెట్టకండి, అటు పక్క ఉన్న తోబుట్టువుల నంబరు పెట్టండి.

ఆమె తన మనుషులకు దూరం కాకూడదనే, ‘నువ్వు బ్యాంకుకు పోవద్దు, నేను ఇక్కడినుంచే చూసుకుంటా’ అనొద్దు. ప్రేమతో అనే ఈ మాట చాలా చెరుపు చేస్తుంది. గృహలక్ష్మి పథకం 2,000 రూపాయలు వచ్చినా, సంధ్యా సురక్షా పింఛను 1,200 వచ్చినా ఆ కబురు ఆమె ఫోన్‌కే రావాలి. ఓటీపీ మీ నంబరుకు మళ్లిన రోజున ఆమె డబ్బు గురించి ఆమె మిమ్మల్ని అడుక్కోవాల్సి వస్తుంది. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లు పోస్టాఫీసుకు పోనివ్వండి, వరసలో నిలబడనివ్వండి, పాల డెయిరీ దగ్గర అరగంట ఆలస్యం చేయనివ్వండి. ఆమెకు నలుగురూ కలిసేది అక్కడే. ఓపిక తగ్గాక హక్కులు అడగండి. 70 ఏళ్లు దాటిన ఖాతాదారులకు నగదు ఇంటికి తెచ్చివ్వడం, ఇంటి దగ్గరే లైఫ్ సర్టిఫికెట్ తీసుకోవడం వంటి సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులోనే బ్యాంకులకు చెప్పింది.

బ్యాంకులో వేలిముద్ర పడలేదంటే ఊరికే తిరిగి రావొద్దని చెప్పండి. జీవితమంతా రాగి కోసి, పట్టుగూళ్లు ఒలిచి, కళ్లాపి చల్లిన చేతుల గీతలు అరిగిపోతాయి. తప్పు ఆ చేతులది కాదు. వేరే దారి చూపించమని అక్కడే నిలబడి అడగాలి. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. గుర్తింపు కోసం కెమెరా ముందు కళ్లు ఆర్పలేని వాళ్లు వేసిన కేసు అది.

మర్యాద తప్పమని కూడా నేర్పండి. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఫోన్ పెట్టేయడం మన పెద్దవాళ్లకు చేతకాదు, మోసగాళ్లకు కావలసింది అదే. పోలీసునన్నా, బ్యాంకు మేనేజరునన్నా, నీ కొడుకు ప్రమాదంలో ఉన్నాడన్నా బదులివ్వకుండా కట్ చేయమనండి. నిజంగా మేనేజరే అయినా ఏమీ అనుకోడని భరోసా ఇవ్వండి. ‘డిజిటల్ అరెస్టు’ అనేది మన చట్టంలోనే లేదు. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి చేయాలి. పోగొట్టుకున్నామని చెబితే ఎవరూ తిట్టరని ముందే చెప్పి ఉంచండి. తిట్లకు భయపడి దాచడంవల్లే ఆ మొదటి గంటలు చేజారుతాయి.

చివరగా, పైన చెప్పినవైనా వీలైనంతవరకు మీరే నేర్పొద్దు. కన్నబిడ్డ విసుక్కుంటే పడే దెబ్బ వేరు. వీధిలో ఇప్పటికే ఫోన్ వాడుతున్న ఆమె ఈడు మనిషి నేర్పితే సిగ్గుండదు, పదిసార్లు అడగొచ్చు. ఊళ్లవాళ్లకు డిజిటల్ చదువు చెప్పడానికి కేంద్రం 2017లో తెచ్చిన పీఎంజీదిశ పథకం 14 నుంచి 60 ఏళ్ల వాళ్లకే పరిమితమైంది. అవసరం మొదలయ్యే వయసు దగ్గరే తలుపు మూసేశారు, నన్నడిగితే అన్యాయం అది. కేరళలో పుల్లంపార పంచాయతీ ఇలా చేయలేదు. ఉపాధి హామీ పనుల దగ్గరికే పోయి, పెద్దవాళ్లను కూడా కలుపుకుని నేర్పింది. 2022లో పూర్తి డిజిటల్ అక్షరాస్యత సాధించిన పంచాయతీగా పేరు తెచ్చుకుంది.

మన పంచాయతీలకూ గ్రంథాలయాలున్నాయి, వాటిని అరివు కేంద్రాలంటున్నారు. ఈసారి ఊరికి పోయినప్పుడు ఫోన్ పెట్టె బదులు ఒక అర్జీ పట్టుకుపోండి. వారంలో ఒక పూట అరివు కేంద్రాన్ని 60 దాటినవాళ్లకు కేటాయించమని, నేర్పడానికి వాళ్ల ఈడువాళ్లనే పెట్టమని పంచాయతీ అభివృద్ధి అధికారికి (పీడీఓ) కన్నడలో రాయండి. కింద మొదటి సంతకం అవ్వ చేత పెట్టించండి.