రాబర్ట్‌సన్‌పేట కంప్యూటర్ ఆత్మకథ

తక్కువ డబ్బుతో కూర్చే గేమింగ్ కంప్యూటర్‌లో ఏ భాగమూ గొప్పది కానక్కర్లేదు. ఏదీ మిగతావాటిని ఆపకుండా ఉంటే చాలు. తన కథ తానే చెప్పుకుంటున్న ఈ కంప్యూటర్ 2017లో ఆ లెక్క మీదే పుట్టింది. దీని విడిభాగాలు బెంగళూరు ఎస్.పి. రోడ్డులో కొన్నవి, కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లోని రాబర్ట్‌సన్‌పేటకు మారికుప్పం రైల్లో వచ్చినవి. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాక ఈ ఊరివాళ్లు వేలమంది ఆ దారినే రోజూ బెంగళూరు పనులకు వెళ్లివస్తున్నారు. కంప్యూటర్ కొన్న కుర్రాడి తండ్రీ వాళ్లలో ఒకరు. ఖర్చుపెట్టిన ముప్పై అయిదు వేలూ ఆయన జీతంలోంచి మిగిల్చినవే. అందుకే ఈ పెట్టెలో ప్రతి రూపాయికీ ఒక కారణం ఉండేది. ఆ కారణాలు చెప్పుకోవడమంటే దీనికి ఇప్పటికీ గర్వమే.

ఎంపిక మానిటర్ దగ్గర మొదలైంది. ఇంట్లో అప్పటికే ఉన్న తెర 1920 × 1080 చుక్కలది, సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చేది. అంటే ఒక్కో బొమ్మలో సుమారు 20.7 లక్షల చుక్కలు, దాన్ని సిద్ధం చేయడానికి 16.7 మిల్లీసెకన్ల గడువు. సెకనుకు 60కి మించి ఎన్ని బొమ్మలు గీసినా ఆ తెర చూపలేదు. అదే 4కే తెర అయితే చుక్కలు నాలుగు రెట్లు, పనీ దాదాపు అంతే పెరుగుతుంది. చాలామంది ముందు గ్రాఫిక్స్ కార్డు కొని తరవాత తెర సంగతి ఆలోచిస్తారు. ఈ కుర్రాడు అప్పట్లో ఆ తప్పు చేయలేదు.

ఆ తెరకు తగిన కార్డుగా జీటీఎక్స్ 1050 టీఐ కుదిరింది. 2016 అక్టోబరులో అమెరికాలో 139 డాలర్లకు విడుదలైన కార్డు అది. సొంత మెమరీ 4 జీబీ, వాడుకునే విద్యుత్తు 75 వాట్లు. మదర్‌బోర్డు స్లాటు ఇవ్వగలిగిందీ 75 వాట్లే కనుక చాలా మోడళ్లకు వేరే కరెంటు తీగ అవసరం లేదు. దాని పక్కన పెంటియం జీ4560 ప్రాసెసర్ చేరింది. 2017 జనవరిలో వచ్చిన దాని ధర 64 డాలర్లు. కోర్లు రెండే అయినా ఒకేసారి నాలుగు త్రెడ్‌లు నడపగలదు, వేగం 3.5 గిగాహెర్ట్‌జ్. మొత్తం ఖర్చులో మూడో వంతు కార్డుకు, అందులో సగం కూడా లేనిది ప్రాసెసర్‌కు వెళ్లింది. గేమ్‌ల కోసం కూర్చే చవక పెట్టెకు ఇది మంచి పంపకం.

ఈ రెండింటి జోడీ ఎందుకు కుదరాలో తెలియాలంటే ఒక బొమ్మ ఎలా తయారవుతుందో చూడాలి. ఆటలో ఎవరు ఎక్కడున్నారు, తూటా ఎటు పోతోంది, గోడ కూలిందా లేదా అన్నవన్నీ ప్రాసెసర్ లెక్కగట్టి, ఏం గీయాలో కార్డుకు చెబుతుంది. కార్డు గీస్తుంది. రెండింటిలో ఏది నెమ్మదిదైతే ఆట వేగం దానిదే. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న ఈ ఊరి ఛాంపియన్ రీఫ్ గనిలోనూ అంతే. అడుగున ఎంత రాయి పగలగొట్టినా, వైండింగ్ ఇంజన్ లాగగలిగినంతే ఆ షిఫ్టులో పైకి వచ్చేది. ఏది ఆపుతోందో కనిపెట్టడం కష్టమేమీ కాదు. ఆట నడుస్తుండగా కార్డు 95 శాతానికి పైగా పనిలో ఉంటే ప్రాసెసర్ సరిపోతున్నట్టు. కార్డు సగం ఖాళీగా ఉండి, ప్రాసెసర్ నూరు శాతం దగ్గర ఇరుక్కుంటే డబ్బు తప్పు చోట పడినట్టు.

ర్యామ్ 8 జీబీ, అదీ ఒకే ముక్కగా కాకుండా నాలుగేసి జీబీల రెండు ముక్కలు. 2400 వేగపు డీడీఆర్4 ఒక్క ముక్కగా ఉంటే ప్రాసెసర్‌కు సెకనుకు 19.2 జీబీల దారి, రెండుంటే 38.4 జీబీలు. ఖర్చులో తేడా స్వల్పం, అయినా దుకాణంలో ఒక్క ముక్కే అంటగట్టాలని చూస్తారు. మదర్‌బోర్డు బీ250. అంతకన్నా చవకైన హెచ్110 బోర్డులూ ఉన్నాయి గానీ, పాత బయోస్‌తో వచ్చినవి ఏడో తరం ప్రాసెసర్‌ను గుర్తించేవి కావు. పైగా బీ250లో అదే సాకెట్‌లో తరవాత నాలుగు కోర్ల ఐ5 గానీ ఐ7 గానీ పెట్టుకోవచ్చు. ఆ దారి తెరిచి ఉంచారు, కానీ దాన్ని ఎవరూ వాడుకోలేదు. నిల్వకు 1 టీబీ హార్డ్ డిస్క్. ఎస్‌ఎస్‌డీకి డబ్బు మిగల్లేదు. ఆట మొదలవడానికి ఎక్కువసేపు పట్టేది గానీ, మొదలయ్యాక బొమ్మల వేగం పెద్దగా తగ్గేది కాదు.

భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ కంప్యూటర్ ప్రాణం అక్కడే పోయింది. ఈ ఊరికి 1902లోనే కావేరి మీది శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల లైను మీద కరెంటు వచ్చింది, అదీ గనుల కోసమే. నూరేళ్లు దాటాక, ఈ కంప్యూటర్ ఉన్న ఇంట్లో మాత్రం సాయంత్రమైతే వోల్టేజీ ఊగేది. ప్రాసెసర్‌కు 54 వాట్లు, కార్డుకు 75, మిగతావన్నీ కలిపినా మొత్తం 200 వాట్లు దాటదు. అయినా 450 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్ వేశారు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో రాసిన వాట్ల అంకెను నమ్మలేదు. 12 వోల్టుల లైను మీద ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో పక్కన అంటించిన పట్టీలో చదివారు. అక్కడ 30 ఆంపియర్లుంటే 360 వాట్లు నిజంగా ఉన్నట్టు. ప్రాసెసర్, కార్డు రెండూ బతికేది ఆ లైను మీదే.

మొదటి రెండేళ్లూ ఈ కంప్యూటర్‌కు మంచి రోజులు. జీటీఏ 5 సాఫీగా నడిచేది. పబ్‌జీ మధ్యస్థ సెట్టింగుల్లో ఆడేది, జనం గుమిగూడిన చోట ప్రాసెసర్‌కు ఆయాసం వచ్చేది. వీధి పిల్లలు వెనక నిలబడి చూసేవాళ్లు. ముప్పై అయిదు వేల పెట్టె అంత ఆడించడం వాళ్లకు నమ్మశక్యం అయ్యేది కాదు.

తరవాత దుమ్ము మొదలైంది. గనుల్లో ముడి రాతిని మెత్తగా నూరి, సైనైడ్ ద్రావణంతో బంగారం లాగేవారు. మిగిలిన పిండి దిబ్బలుగా ఊరి చుట్టూ పడి ఉంది, మొత్తం మూడు కోట్ల టన్నులకు పైనే. గాలి వీచే నెలల్లో ఆ పిండి లేచి కిటికీల్లోంచి ఇళ్లలోకి వస్తుంది. క్యాబినెట్ ముందు ఫ్యాన్ గాలితోపాటు దాన్నీ లోపలికి లాగింది. హీట్‌సింక్ రేకుల మధ్య అది మందంగా పేరుకుంది. వేడి బయటికి పోయే దారి లేక ప్రాసెసర్ కాగింది. అది తట్టుకునే హద్దు 100 డిగ్రీలు. ఆ దరిదాపులకు చేరితే తన్ను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఆటలు తడబడ్డాయి. నెలకోసారి మూత తీసి మెత్తని కుంచెతో, గాలి బుడ్డితో దులిపితే సరిపోయేది. మూడేళ్లకోసారి థర్మల్ పేస్ట్ మార్చితే ఇంకా నయం. ఎవరూ మూత తీయలేదు. కంప్యూటర్ పాతబడిందని మాత్రం ఇంట్లో అందరూ అన్నారు. నిజానికి దాని భాగాలేవీ పాతబడలేదు, ఊపిరి అందలేదంతే. ఇన్నేళ్ల తరవాతా ఈ కంప్యూటర్‌కు తగ్గని బాధ ఇదే.

దుమ్ముకు చివరికి ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ బిగుసుకుపోయి, అది ఆగిపోయింది. దాని స్థానంలో ఊరు పేరు లేని ఒక డబ్బా వచ్చింది. మీద 500 వాట్లని రాసి ఉంది గానీ చేతిలోకి తీసుకుంటే తేలిక. 12 వోల్టుల లైను వివరం ఎవరూ చదవలేదు. అదే సమయంలో కుర్రాడు, అప్పటికి ఉద్యోగస్థుడు, వేగం పెరగాలని సెకండ్‌హ్యాండ్ జీటీఎక్స్ 1070 కొన్నాడు. మంచి కార్డే, 8 జీబీ మెమరీ, 150 వాట్లు. కానీ ఈ కంప్యూటర్‌కు కావలసింది అది కాదు. బరువు మోస్తున్నవి రెండు కోర్లు. అంతకన్నా తక్కువ ఖర్చుతో ఒక పాత ఐ5, ఒక ఎస్‌ఎస్‌డీ, ఒక శుభ్రత చేయించి ఉంటే ఇంకొన్నేళ్లు గడిచేవి. కొత్త కార్డు సగం పనితో కూర్చుంది, ప్రాసెసర్ మునుపటిలాగే నూరు శాతం దగ్గర నలిగింది. పైగా ఆ డబ్బా ఎస్‌ఎంపీఎస్‌కు కార్డు అడిగే 8 పిన్నుల తీగే లేదు. హార్డ్ డిస్కులకిచ్చే తీగల నుంచి అడాప్టర్ వేసి కలిపారు. ఆట మధ్యలో తెర నల్లబడి మొదటికి వచ్చేది. ఒక రాత్రి కాలిన వాసన వచ్చింది, మదర్‌బోర్డు మళ్లీ లేవలేదు.

ఆ తరవాత మెట్ల కింది గదిలో చోటు. బాగు చేయించే మాట ఎవరూ ఎత్తలేదు. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది, విండోస్ 11 అధికారికంగా ఏడో తరం పెంటియంను ఒప్పుకోదు. లైనక్స్ వేస్తే చదువుకూ లెక్కలకూ పనికొచ్చే ప్రాసెసర్, రెండు ర్యామ్ ముక్కలు ఇంకా చెక్కుచెదరకుండానే ఉన్నాయి. చివరికి అవి బంగారపేటలో ఒక దుకాణం లెక్కలు చూసే కంప్యూటర్‌లోకి వెళ్లాయి. హార్డ్ డిస్క్‌లోని ఫొటోలు కాపీ చేసుకున్నాక దాన్ని పూర్తిగా చెరిపేశారు.

మిగిలింది చచ్చిన బోర్డు. గనులు మూతపడే కాలానికి ఇక్కడి టన్ను రాతిలో కొన్ని గ్రాముల బంగారమే దక్కేది. టన్ను కంప్యూటర్ బోర్డుల్లో సుమారు 200 గ్రాముల దాకా ఉంటుంది, కాంటాక్టుల మీద పూతగానూ చిప్‌ల లోపల సన్నని తీగలుగానూ. ఒక్క బోర్డులో ఉండేది గ్రాములో చిన్న భాగమే. దానికోసం పెరట్లో ఆమ్లంలో ముంచి తీసేవాళ్ల చేతులూ ఊపిరితిత్తులూ పాడవుతాయి, మిగిలిన నీరు నేలలోకి దిగుతుంది. సైనైడ్ దిబ్బల పక్కన బతికే ఊరికి మరో విషం అక్కర్లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలాంటివి రిజిస్టరైన రీసైక్లర్లకే చేరాలి, ఆ బాధ్యతలో తయారీదారులకూ భాగం ఉంది. ఈ కంప్యూటర్ బోర్డునూ కాలిన ఎస్‌ఎంపీఎస్‌నూ పాత ఇనుము వాడికి తూకానికి వేయకుండా, బెంగళూరులో అలాంటి ఒక సేకరణ కేంద్రానికి అదే మారికుప్పం రైల్లో పంపారు.