పండుగకు ముందు దంచిన పిండి: ఒక రోలు జీవితచరిత్ర

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో సంక్రాంతి పొద్దున పొయ్యి దగ్గర పెద్దగా హడావుడి కనిపించదు. ఆ పొద్దుటికి కావలసిన పిండివంటలన్నీ నాలుగైదు రోజుల ముందే తయారై గంపల్లోకి, డబ్బాల్లోకి చేరి ఉండటమే ఇందుకు కారణం. పిండివంటలను ఈ ప్రాంతంలో అప్పాలు అంటారు. వాటిలో మొదటి స్థానం సకినాలది, అంటే తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, వేళ్లతో వలయాలుగా చుట్టి, నూనెలో కాల్చిన వంటకానిది. అరిసెలు, గారెలు, గరిజెలు, మురుకులు దాని తరువాతివి. పండుగనాడు ఇంటి ఇల్లాలు స్నానం చేసి, వాకిట్లో ముగ్గు పెట్టి, పిల్లల ముందు నిండు పళ్లెం ఉంచగలిగే ఆ తీరిక అంతకు ముందరి రోజుల్లోనే సంపాదించుకున్నది. ఆ సంపాదనలో అత్యంత కష్టమైన భాగాన్ని తరతరాలుగా తన గుంటలో భరించినది రోలు. దాని జీవితచరిత్రను దాని పక్షాన చెప్పబోతే, తన పుట్టుక గురించి అది చెప్పుకునేది కొద్దిగానే ఉంటుంది, పండుగ ముందటి ఆ రాత్రుల గురించి చెప్పుకునేది మాత్రం చాలా ఉంటుంది.

పుట్టుక సంగతి క్లుప్తం. కరీంనగర్ చుట్టుపక్కల గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు శిలలవి. ఆదిలాబాద్ పడమటి భాగంలో నల్లరేగడి నేల కింద ఉన్నది దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట లావా గడ్డకట్టగా ఏర్పడిన బసాల్టు అనే నల్లరాయి. రాతిపని తెలిసిన వడ్డెరలు గుట్ట నుంచి గుండును విడదీసి, ఉలితో, సుత్తితో నడుమ గుంట తొలిచి, అంచును గుండ్రంగా తీర్చితే రోలు తయారవుతుంది. అవే గుట్టలను నేడు యంత్రాలతో పెద్ద పెద్ద దిమ్మెలుగా కోసి, టాన్ బ్రౌన్, మేపుల్ రెడ్ అనే వ్యాపార నామాలతో చైనా వంటి దేశాలకు పంపుతున్నారు. ఒక గుట్టలో పుట్టిన తోబుట్టువులలో ఒకటి సముద్రాలు దాటి మెరుగు పెట్టిన గచ్చుగా మారితే, మరొకటి ఒకే ఇంటి వాకిట్లో మూడు తరాల చేతుల కింద అరిగిపోయింది. ఆ అరుగుదలే రోలుకు గర్వకారణం. ఎందుకంటే రోలు గుంట లోతును, నునుపును చూసి ఆ ఇల్లు ఎన్ని పండుగలు చేసుకున్నదో ఊహించవచ్చును.

రోలును సాధారణంగా వాకిట్లోనో వంటసాల మూలనో సగం దాకా భూమిలో పాతుతారు. అలా పాతకపోతే రోకటి పోటుకు అది కదిలిపోతుంది. రోకలి అంటే గట్టి కర్రతో చేసిన నిలువు దంపుడు సాధనం. దాని కొనకు తొడిగే ఇనుప కట్టును పొన్ను అంటారు. దంచేటప్పుడు గింజలు ఎగిరి బయట పడకుండా రోటి మీద పెట్టే గుండ్రని చట్రం కుందెన. ఈ మూడింటి పొందికలో రోలుది కదలని పాత్ర, దెబ్బ తినే పాత్ర. అందుకు ప్రతిగా ఇల్లు దానికి కొంత మర్యాద ఇచ్చింది: రోటి మీద కూర్చోరాదని పిల్లలను పెద్దలు మందలించేవారు, పెళ్లి పనులు మొదలయ్యే రోజున రోటికీ రోకలికీ పసుపు పూసి, బొట్లు పెట్టి, ముత్తైదువలు పసుపు కొమ్ములు దంచిన తరువాతనే మిగిలిన పనులకు చేయి వేసేవారు. ఇంట్లో జరిగే తొలి శుభానికి తొలి చప్పుడు తనదే కావడం రోలు ఎన్నటికీ మరువని గౌరవం.

ఇక సకినాల పిండి. వానాకాలపు వరి కోత కార్తిక, మార్గశిర మాసాలలో ముగిసి, కొత్త బియ్యం ఇంటికి వచ్చే కాలానికి పండుగ దగ్గర పడుతుంది. 1963లో పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగి, ఆ తరువాత కాకతీయ కాలువ నీళ్లు కరీంనగర్ మాగాణులకు పారక ముందు, వరి చాలావరకు చెరువు కింది పంట. మెట్ట ఊళ్లలో రోజువారీ తిండి జొన్న, మక్క రవ్వతో వండిన గటకలే కాబట్టి బియ్యప్పిండితో చేసిన అప్పాలకు పండుగ హోదా దక్కింది. రోలు జీవితంలోనూ ఈ తేడా స్పష్టం: ఏడాది పొడుగునా అది కారం, పసుపు, పొట్టు వంటి ముతక పనులు చేసేది, కొత్త బియ్యం దాని లోపలికి వచ్చేది పండుగ ముందటి రోజుల్లోనే.

బియ్యాన్ని ముందు రాత్రి నానబోస్తారు. తెల్లవారి నీళ్లు వార్చి, పలుచని బట్ట మీద నీడన కొద్దిసేపు ఆరబెట్టి, చేతికి తడి తగులుతుండగానే రోట్లో పోస్తారు. నానిన గింజ తన బరువులో పావు వంతుకు తగ్గకుండా నీళ్లు పీల్చుకొని మెత్తబడి ఉంటుంది కాబట్టి, రోకటి పోటుకు అది పగిలే తీరు ఎండు గింజ పగిలే తీరుకు భిన్నం. ఎండు బియ్యాన్ని యంత్రంలో విసిరితే వేడి పుట్టి, గింజలోని పిండిపదార్థపు రేణువులు ఎక్కువగా దెబ్బ తింటాయి. దెబ్బ తిన్న రేణువులు అవసరానికి మించి నీటిని తాగుతాయి. తడి గింజ పోటుకు రేణువులు అంతగా దెబ్బ తినకుండానే విడివడుతుంది. గోధుమలో సాగే గుణాన్నిచ్చే గ్లూటెన్ అనే మాంసకృత్తు బియ్యంలో ఉండదు కాబట్టి, సకినం తెగిపోకుండా వలయంగా నిలబడాలంటే పిండిలో సన్నదనమూ తడీ సరిగ్గా కుదరాలి. పిండి ఆరితే చుట్టు పగులుతుంది. తడి ఎక్కువైతే బట్టకు అతుక్కుంటుంది. ఈ సూక్ష్మమంతా దంచే చేతికీ జల్లెడ పట్టే చేతికీ తెలుసు. జల్లెడలో మిగిలిన ముతకను మళ్లీ మళ్లీ తిరిగి తీసుకునే ఓర్పు మాత్రం రోటిది.

దంచుడు ఒంటరి పని కాదు. ఇద్దరు లేదా ముగ్గురు ఆడవాళ్లు ఒకే రోటి చుట్టూ నిలబడి, రోకళ్లు ఒకదానికొకటి తగలకుండా వంతులవారీగా ఎత్తి వేయవలసి ఉంటుంది. లయ తప్పితే రోకలి రోకలికి తగులుతుంది, లేదా చేయి నలుగుతుంది. దంపుళ్ల పాటలు పుట్టింది ఈ లయ అవసరం నుంచే. తెలుగు జానపద గేయాలపై తొలి విశ్వవిద్యాలయ పరిశోధకులలో ఒకరైన బిరుదురాజు రామరాజు వంటి పండితులు ఈ శ్రమగీతాలను సాహిత్యంగా గుర్తించి చదవడానికి ఎంతో ముందే, రోలు వాటిని తన గుంటలో ప్రతిధ్వనిగా విన్నది. అత్త గురించిన ఆవేదన, పుట్టింటి మీది బెంగ, పంట పోయిన ఏటి దిగులు, ఎవరికీ చెప్పుకోలేనివి ఆ పోట్ల మధ్య పాటలుగా బయటికి వచ్చేవి. కనుక రోలు జ్ఞాపకంలో సంక్రాంతి అనేది రుచి కన్నా ముందు శబ్దం.

పిండి సిద్ధమైన తరువాత ఇరుగుపొరుగు ఆడవాళ్లు సకినాలు చుట్టడానికి వస్తారు. నేల మీద ఉతికిన నూలు చీర పరచి, బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు మధ్య పిండిని మెలితిప్పుతూ మూడు నాలుగు వరుసల వలయం వేస్తారు. బట్ట అదనపు తడిని పీల్చుకొని చుట్టు కొంచెం గట్టిపడ్డాక దాన్ని చెదరకుండా లేపి నూనెలో వేస్తారు. చాలా ఇళ్లలో తొలి పిండితో గౌరమ్మను చేసుకొని మొక్కుతారు. ఒక ఇంట్లో ముగిసిన బృందం మరునాడు మరో ఇంటికి వెళుతుంది. కాగే నూనెలో పిండిలోని నీరు ఆవిరైపోవడం వల్ల సకినం కరకరలాడుతుంది. తడి లేనిచోట సూక్ష్మజీవులు పెరగవు కాబట్టి గాలి చొరని డబ్బాలో అది వారాల తరబడి చెడకుండా ఉంటుంది. వియ్యాలవారింటికి సారెగా వెళ్లేది, జగిత్యాల, సిరిసిల్ల ఊళ్ల నుంచి దుబాయికో మస్కట్‌కో బతుకుతెరువుకు పోయే కొడుకు సంచిలో చేరేది ఈ నిల్వ గుణం వల్లనే. ఎడారి గదిలో డబ్బా మూత తీసినవాడికి తల్లి చేయి గుర్తుకు రావడం సహజం. ఆ పిండి దంచిన రాయి ఎవరికీ గుర్తుకు రాదు, కాని పుట్టింటి వాకిట్లో దంచిన పిండి పశ్చిమాసియా దాకా చేరిందన్న ఘనత ఆ రాతికి చెందవలసిందే.

సంక్రాంతి ఒక్కటే దాని పండుగ కాదు. బతుకమ్మ చివరి రోజైన సద్దుల బతుకమ్మకు నువ్వుల పొడి కొట్టింది, రొట్టెలను బెల్లంతో కలిపి మలీద దంచింది అదే రోలు. ఆదిలాబాద్ అడవి పల్లెల్లో వేసవి ఆరంభాన ఏరి ఎండబెట్టిన ఇప్పపూలు కూడా రోకటి కిందికి వచ్చి, లడ్డూలుగా మారాయి.

ఆ తరువాత గిర్ని వచ్చింది. గిర్ని అంటే ఈ ప్రాంతంలో పిండిమర. ఇక్కడ న్యాయంగా మాట్లాడవలసి ఉంది: రోలు గర్వించిన ఆ రాత్రులు ఆడవాళ్ల భుజాల నొప్పులు, అరచేతుల బొబ్బలు కూడా, నిండు చూలాలు సైతం రోకలి ఎత్తిన ఇళ్లు ఉండేవి. గంటల దంపుడును గిర్ని నిమిషాలకు కుదించడం నిజమైన మేలు. దాన్ని నష్టమని రాయడం ఆ శ్రమ చేయనివారికి మాత్రమే సాధ్యం. రోలుకు గిర్ని మీద పగ లేదు. తడి బియ్యపు తపేలాలు పట్టుకొని సంక్రాంతి ముందు గిర్ని దగ్గర బారులు తీరిన ఆడవాళ్లను చూసి అది బాధపడలేదు. దాని మనోవేదన వేరే చోట ఉంది: పని తప్పిన తరువాత ఇల్లు దాని పట్ల చూపిన నిర్లక్ష్యంలో ఉంది.

ఏళ్ల తరబడి వాడే రోలు లోపల నునుపెక్కి గింజను పట్టలేదు కాబట్టి, ఊరూరా తిరిగే రాతి పనివాళ్లతో దానికి ఉలి గాట్లు పెట్టించి మళ్లీ గరుకు చేయించేవారు. మొదట ఆగిపోయింది ఈ సేవ. ఆపై మిరపకాయలు మిక్సీకి వెళ్లాయి, పసుపు పొట్లాల్లో వచ్చింది. వాకిలికి సిమెంటు గచ్చు చేయించినప్పుడు రోలు అడ్డమైంది. దాన్ని పెకలించి గోడ పక్కన వేశారు. వాన నీళ్లు నిలిచి పాచి పట్టింది, దోమలు గుడ్లు పెట్టాయి, కోళ్లు నీళ్లు తాగాయి, కుక్కకు గంజి పోసే తొట్టి అయింది. కూర్చోవద్దని పిల్లలను మందలించిన ఇంట్లోనే దాని మీద సిమెంటు సంచులు దించారు. కొన్నిచోట్ల బోర్లించి బట్టలుతికే బండగా వాడారు; బోర్లించిన రోలుకు ఆకాశం కూడా కనబడదు. రాయి చావదు కాబట్టి దానికి పాడె లేదు, కర్మ లేదు. ఇంటి పెద్ద చనిపోతే పన్నెండు రోజులు తలచుకునే కుటుంబం అదే పెద్ద చేతికి అరవై ఏళ్లు తోడున్న రాయిని ఒక్క పూట కూడా తలచుకోదు.

అంతకన్నా దుఃఖకరమైన విడిపోవడాలు మానేరు నది ఒడ్డున జరిగాయి. 1985 నాటికి పూర్తయిన దిగువ మానేరు జలాశయం, ఆ తరువాత మాన్వాడ వద్ద కట్టిన మధ్య మానేరు జలాశయం ఎన్నో ఊళ్ల భూములను, ఇళ్లను ముంపులోకి తీసుకున్నాయి. కొదురుపాక, నీలోజిపల్లి, చీర్లవంచ వంటి ఊళ్ల జనం పునరావాస కాలనీలకు మారవలసి వచ్చింది. ఇల్లు విప్పి తలుపులు, దూలాలు, పెంకులు బండికెక్కించుకునే కుటుంబానికి భూమిలో సగం దాకా దిగిన రోలును పెకలించి మోయడం చివరి పని. ఆ చివరి పనికి ఓపిక మిగలని ఇళ్లూ ఉంటాయి. సాగునీరు అవసరమన్న వాదానికి రోలు ఎదురు చెప్పజాలదు, ఎందుకంటే ఆ నీటితో పండిన బియ్యమే దానిని పండుగలకు పిలిపించింది. అయినా తాము ముగ్గు వేసిన వాకిలితోపాటు తాము దంచిన రాయినీ నీళ్లకు వదిలిన ఆడవాళ్ల లెక్క ఏ నష్టపరిహారపు జాబితాకూ అందదు.

పట్టణాలలో ఇటీవల రోలుకు వింతైన మర్యాద మొదలైంది. విందు హోటళ్ల ముందు, కొత్త ఇళ్ల తోటల్లో దాన్ని అలంకారంగా నిలబెట్టి, గుంటలో పూల మొక్క నాటుతున్నారు లేదా నీళ్లు పోసి చామంతులు తేలవేస్తున్నారు. అప్పాల దుకాణాలు ఏడాది పొడుగునా సకినాలను కిలోల లెక్కన అమ్ముతూ, అమెరికాకు పార్శిళ్లు కడుతున్నాయి. పండుగ ముందటి పని పూర్తిగా ఇల్లు దాటి బయటికి పోయిన ఇళ్లు పెరుగుతున్నాయి. దుకాణంలో చుట్టే చేతులూ చాలావరకు ఈ ప్రాంతపు ఆడవాళ్లవే, ఆ కూలి వారి సంసారాలకు ఆధారమే కాబట్టి ఇందులో తప్పెంచవలసింది లేదు. అయితే పూలు తేలవేసిన గుంటలో గుప్పెడు నువ్వులైనా దంచిన ఇల్లు ఎన్ని అన్నదే రోలు పక్షాన అడగవలసిన ప్రశ్న. పెళ్లి పసుపుకు ఒక్క పూట తెచ్చి పెట్టుకొని, మరునాడు గోడ పక్కకు నెట్టడాన్ని అది గౌరవంగా తీసుకోలేదు.

గోడ పక్కన పడి ఉన్న రోలును ఈ సంక్రాంతికి మళ్లీ పనిలోకి తీసుకోదలచినవారికి తెలియవలసినది కొద్దిగానే ఉంది. పాచిని కొబ్బరి పీచుతో, వేడి నీళ్లతో తోమి, ఎండలో బాగా ఆరనివ్వాలి. గుంట నునుపెక్కి ఉంటే రాతి పనివాడితో సన్నని గాట్లు పెట్టించాలి. గాట్లు పెట్టిన రాయి మొదట ఇసుక రాల్చుతుంది కాబట్టి, తౌడు, ఆపై ఉప్పు కలిపిన నూకలు వేసి దంచి, ఆ పొడిని పారబోసి, వేలితో తడిమితే గరగర తగలనంతవరకు మళ్లీ మళ్లీ చేయాలి. రోకలి పొన్ను వదులైతే బిగించుకోవాలి. నానిన కొత్త బియ్యాన్ని ఒక్కసారే నింపక, గుంటలో మూడో వంతుకు మించకుండా పోసి, ఇద్దరు వంతుల మీద దంచితే ఒకరి చేతికి బరువు పడదు, పిండీ జల్లెడకు ఒకే తీరుగా వస్తుంది. దంచిన పిండిని పులియక ముందే, అదే రోజు, చుట్టుకోవాలి.