బ్యాగుకు బీరువా శిక్ష

హాలియా, మిర్యాలగూడ, కోదాడ వైపు ఖరీదైన తోలు హ్యాండ్‌బ్యాగు దుకాణంలోంచి రాదు, విమానం దిగి వస్తుంది. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలారు. నీళ్లతో వరి, వరితో రైస్‌మిల్లులు, ఆ డబ్బుతో పిల్లల చదువులు, చదువులతో అమెరికా, అమెరికా నుంచి అమ్మకు కోచ్ కంపెనీ బ్యాగు ఒకటి. ఇంత చుట్టు తిరిగి ఇంటికి చేరిన కాలువ నీటి ఫలాన్ని ఆ అమ్మ ఏం చేస్తుంది? దాంతోపాటు వచ్చిన గుడ్డసంచిలో పెడుతుంది. గుడ్డసంచిని పాలిథిన్ కవర్లో దూరుస్తుంది. కవర్లో నాలుగు కలరా ఉండలు వేసి, ముడి బిగించి, బీరువాలో పట్టుచీరల కింద దాస్తుంది. ఆ ముడి పడ్డప్పటి నుంచే బ్యాగుకు ఆయుష్షు తగ్గుతుందని నా వాదన. మన ఇళ్లలో తోలు బ్యాగులు వాడి చెడేవి తక్కువ, దాచి చెడేవే ఎక్కువ.

తోలు చచ్చిన పశువుదే కావచ్చు, దానికి గాలి మాత్రం ఆడాలి. తోలు తేమను పీలుస్తుంది, వదులుతుంది. కవర్లో కట్టేస్తే వదలడానికి చోటుండదు. వానకాలంలో గాలిలో తేమ 70 శాతం దాటిందంటే బూజుకు పండగే. కలరా ఉండలు పురుగుల్ని బెదిరిస్తాయి గానీ తేమ జోలికి పోవు. వాటి వాసనను తోలు శ్రద్ధగా దాచుకుని, పెండ్లిలో పక్క కుర్చీ వాళ్లకు పంచుతుంది. ఇక దసరాకు బీరువా తెరిచి, తెల్లగా మొలిచిన బూజును చూశాక మొదలయ్యేది అసలు హింస. తోలుది ఆమ్ల గుణం, పీహెచ్ 4 దగ్గర ఉంటుంది. బట్టల సబ్బుది 9కి పైమాటే. ఆ రెండింటినీ బ్రష్షుతో కలిపి తోమితే మురికితోపాటు మెరుగు, మెత్తదనం కూడా కాలువలో కలుస్తాయి. తర్వాత ఫోన్లో చూసిన వైద్యాలు వరసకడతాయి: నిమ్మచెక్క, టూత్‌పేస్టు, అరటితొక్క. అరటితొక్క మీద ఆశ పెట్టుకోవలసింది మేక, బ్యాగు కాదు.

ఇక్కడ పెద్దలు అడ్డు తగులుతారు. వెనకట కిర్రు చెప్పులకు ఆముదం పట్టించేవారు కదా, బ్యాగుకు ఏం పుట్టింది అంటారు. మంచి ప్రశ్నే. ఆ చెప్పుల తోలును లందల్లో వేసి తంగేడు చెక్కతో, కరక్కాయతో పదును చేసేవారు. దానికి రంగుపూత లేదు, మందం ఎక్కువ, ఆముదం తాగి అరిగేదాకా ఊరంతా తిరిగేది. ఇప్పటి బ్యాగు తోలు చాలావరకు క్రోమియం లవణాలతో పదును చేసినది. పైన సన్నని రంగుపూత ఉంటుంది. దానికి ఆముదమో కొబ్బరినూనో పట్టిస్తే మరకలు పడతాయి, మిల్లుల సీజన్లో రోడ్డు మీద లేచే ఊక దుమ్మంతా వచ్చి అతుక్కుంటుంది. తోలు సంగతులు మనవాళ్లకు తెలియక కాదు. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరై, ఈ శాస్త్రంలో ప్రపంచమంతా పేరు పొందారు. తోలు పదును చేసే చేతుల్ని మాత్రం ఊరి చివరికి నెట్టాం. అదే తోలు మీద విదేశీ ముద్ర పడగానే దేవుడి పటం పక్కన పెడతాం. తంగేడు పువ్వు ఎటూ బతుకమ్మలో ఉంది, దాని చెక్క చేసిన పనే ఎవరికీ గుర్తులేదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: అంత డబ్బు పోసింది వాడేస్తే పాడవదా? దీనికి జవాబు పారిస్‌లో ఉంది. 1980లలో హెర్మెస్ కంపెనీ నటి జేన్ బర్కిన్ కోసం ఒక బ్యాగు చేసింది. ఆమె దానికి స్టిక్కర్లు అంటించింది, గోళ్లు కత్తిరించుకునే కట్టర్ వేలాడదీసింది, పట్టినన్ని సామాన్లు కుక్కింది. గీతలు, మరకలు అన్నీ ఉన్న ఆ మొదటి బర్కిన్ 2025 జులైలో సదబీస్ వేలంలో 86 లక్షల యూరోలు పలికింది. మన బ్యాగుకు ఆ ధర రాదులెండి, మనం సినిమా తారలం కాము. కానీ ఏళ్ల తరబడి మొహమాటం లేకుండా వాడినా తోలు నలభై ఏళ్ల తర్వాత కూడా నిలుస్తుందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? పైగా మనం కాపలా కాసేది అసలు తోలేనా అన్నది ముందు చూసుకోవాలి. లూయీ విటాన్ మోనోగ్రామ్ బ్యాగుకు ఒళ్లంతా పూత పూసిన నూలు కాన్వాసే, తోలు ఉండేది పట్టీలకు, అంచులకు. లక్షలు పెట్టి కొన్నది రెక్సిన్‌కు వేలువిడిచిన చుట్టమని తెలిస్తే కొంత ప్రశాంతంగా వాడుకోవచ్చు.

చేయవలసిన సేవ చాలా తక్కువ, అదే మనకు నచ్చదు. పొడి మెత్తటి గుడ్డతో తుడవాలి. తడిస్తే నీడన ఆరబెట్టాలి. ఖాళీగా ఉంచేటప్పుడు లోపల పాత నూలు చీర ముక్క కుక్కాలి, న్యూస్‌పేపరు వద్దు, దాని సిరా అస్తరుకు అంటుతుంది. బూజు పడితే బయట గాలిలో దులిపి తుడవాలి. పసుపు మరక ఒక్కటే ధర్మసంకటం: అది ఎండకు వెలుస్తుంది, తోలు అదే ఎండకు పగులుతుంది, ఏది కావాలో ఇంటావిడ తేల్చుకోవాలి. మిగతా రోజుల్లో బీపీ మాత్రలు, ఆధార్ కార్డు, మిర్యాలగూడ బస్సుకు చిల్లర వేసుకుని భుజానికి తగిలించుకుంటే చాలు. హాలియా సెంటర్లో కోచ్ బ్యాగు పట్టుకుంటే నలుగురూ కళ్లు పెడతారనే భయం కూడా అక్కర్లేదు. కూరగాయల బండి ఆయన దాన్ని ఒకసారి చూసి, ‘సంచి తెచ్చుకోలేదా అమ్మా?’ అని వంకాయలు కవర్లో కట్టిస్తాడు.