పెన్‌డ్రైవ్ బావ

ప్రతి బంధువర్గంలోనూ ఒక పెన్‌డ్రైవ్ బావ ఉంటాడు. బండి తాళాల గుత్తికే పెన్‌డ్రైవ్ తగిలించుకుని తిరుగుతాడు. గృహప్రవేశానికి పిలిస్తే పాలు పొంగాయో లేదో చూడడు, ఆ ఇంట్లో ల్యాప్‌టాప్ ఎన్నేళ్ళదో కనుక్కుంటాడు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మద్దతు ఆగిపోయినప్పటి నుంచీ మరీ పట్టపగ్గాల్లేవు.

"మావయ్యా, దీనికి పదకొండు ఎక్కదు. లినక్స్ వేసేస్తాను. అరగంట పని."

ఆ మాట చెవిన పడగానే అత్తయ్య రాత్రి వంటకి ఇంకో గ్లాసు బియ్యం కడగడం మంచిది.

పెన్‌డ్రైవ్ పెడతాడు. కంపెనీ బొమ్మ, మెనూ, ఎంటర్, ఆ తర్వాత నల్లతెర. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది. మావయ్య గుండె జారిపోతుంది. బావ మొహంలో పెళ్ళికళ వచ్చేస్తుంది. "కంగారు పడకండి, లోపల అంతా నడుస్తోంది. గ్రాఫిక్స్ కార్డుకీ కెర్నెల్‌కీ పొసగలేదు, అంతే."

ఇక చరిత్ర మొదలు. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా మీద కోపంతో కెమెరా వంక మధ్యవేలు చూపించిన ఘట్టం. పెద్దవాళ్ళ ముందు బాగుండదని బావ చిటికెనవేలు చూపిస్తాడు. అత్తయ్య లేచి, "అటు, వంటింటి పక్కన నాయనా" అని దారి చెబుతుంది. 2022లో అదే కంపెనీ కెర్నెల్ మాడ్యూళ్ళ సోర్సు బయటపెట్టిందన్న రెండో అంకం వినడానికి ఎవరూ మిగలరు.

నిజానికి బావకి చిక్కులేని మిషన్ అంటే గిట్టదు. ఇంటెల్ గ్రాఫిక్స్‌తో తెర మొదటిసారే వచ్చేసిందా, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోతాడు. డెస్క్‌టాప్ అయితే ఇంకో గండం. డ్రైవర్లన్నీ మార్చి చూశాక, హెచ్‌డిఎంఐ వైరు గ్రాఫిక్స్ కార్డుకి కాక మదర్‌బోర్డుకి పెట్టి ఉందని కనిపెట్టేది ఏడో తరగతి పిల్ల.

సరే, ల్యాప్‌టాప్ దగ్గరికొద్దాం. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపుతాడు. మళ్ళీ వేసి, గ్రబ్ మెనూలో 'ఈ' నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరస చివర 'నోమోడ్‌సెట్' చేర్చి, ఎఫ్10 కొడతాడు. తెర వస్తుంది, 1024×768లో, ఒక్కో ఐకాను అప్పడమంత. మావయ్య మురిసిపోతాడు: "ఒరేయ్, కళ్ళజోడు లేకుండానే కనపడుతున్నాయిరా!"

అక్కడితో ఆగితే అందరూ సుఖపడేవారు. "ఇది ఈ ఒక్క బూటుకే మావయ్యా, అసలు డ్రైవర్ వెయ్యాలి" అంటాడు బావ. వేస్తాడు. సంతకం లేని మాడ్యూలుని సెక్యూర్ బూట్ లోపలికి రానివ్వదు. మళ్ళీ నల్లతెర. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి అక్షరాల తెరలోకి దిగుతాడు, బయోస్‌లోకి దూరతాడు, విస్తరి ముందు కూర్చుని కూడా లాగ్ చదువుతాడు. మొత్తానికి సద్దుమణుగుతుంది. 1920×1080, తళతళలాడే తెర.

మావయ్య కళ్ళజోడు తుడుచుకుని చూస్తాడు. "చీమల్లా ఉన్నాయేమిట్రా అక్షరాలు? ఇందాకటిలా పెట్టెయ్."

సెట్టింగుల్లో స్కేలింగ్ పెంచితే తీరిపోయే పని. కానీ మౌసుతో అయ్యేదాన్ని మౌసుతో చేసేస్తే బావ పరువేం కాను? చొక్కా చేతులు పైకి మడిచి, టెర్మినల్ తెరిచి, 'ఎక్స్‌ర్యాండర్' అని కొట్టడం మొదలుపెడతాడు.