“మన కోచ్‌ని పీకెయ్యాలి బ్రో”: టీకా తాత్పర్య సహితం

మూలం: “మన కోచ్‌ని పీకెయ్యాలి బ్రో, లేకుంటే ఈ టీమ్ బాగుపడదు.” గచ్చిబౌలి బాలయోగి స్టేడియం గ్యాలరీలో పుట్టి, ట్రిపుల్ ఐటీ జంక్షన్ దాకా నడిచొచ్చి, అక్కడ క్యాబ్ ఎక్కి మాదాపూర్, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ హాస్టళ్లకు చేరిన ఈ వాక్యానికి కర్త ఎవరో తెలియదు. కర్త తెలియని వాక్యాన్ని అపౌరుషేయం అనడం పెద్దల అలవాటు కనుక దీన్నీ అలాగే అందాం. పాఠాంతరాలు చాలానే ఉన్నాయి. కొన్ని ప్రతుల్లో ‘కోచ్‌ని’ బదులు ‘కీపర్‌ని’ అనీ, ‘ఆ ఫారినర్‌ని’ అనీ కనిపిస్తుంది. ‘పీకెయ్యాలి’ ఉన్నచోట ‘మార్చాలి’ అని చదివే ప్రతి ఒకటుంది గాని, అది ఏ హెచ్‌ఆర్ చేతిలోనో పడి మెత్తబడ్డ పాఠం, గ్రాహ్యం కాదు. ఆధారం లేనిదీ అక్కర్లేనిదీ రాయనని ఒట్టు పెట్టుకున్న మల్లినాథ సూరి మెదక్ జిల్లా కొల్చారం వాడంటారు. అంటే మనకు పొరుగువాడే. ఆ ఒట్టులో మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం ఫుట్‌బాల్‌కు కుదరదు.

ముందుగా ‘పీకెయ్యాలి’. వేళ్లున్నదాన్నే పీకుతారు: కలుపుని, పన్నుని, పాతిన మేకుని. ఈ ధాతువుకి ఇంకో అర్థం ఒకటి వీధిలో వినిపిస్తుంది గాని సభ్యుడైన వ్యాఖ్యాత దాని జోలికి పోడు. వేళ్లు ఉండాలంటే నేల ఉండాలి, కాలం ఉండాలి. మన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ 2019 ఆగస్టులో, పుణె క్లబ్బు మూతపడి ఖాళీ అయిన చోట పుట్టింది. అంటే మొలకెత్తింది కాదు, నాటు వేసింది. మొదటి కోచ్ ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఫిల్ బ్రౌన్. కోల్‌కతాలో మొదటి మ్యాచే 5–0 తేడాతో ఓటమి. 2020 జనవరికల్లా ఆయన వెళ్లిపోయాడు. 18 మ్యాచ్‌లలో రెండే రెండు గెలిచి జట్టు అట్టడుగున నిలిచింది. తర్వాత ఆల్బర్ట్ రోకా వస్తున్నాడన్నారు. సీజన్ మొదలయ్యేలోపే బార్సిలోనా పిలిస్తే వెళ్లాడు. అప్పుడొచ్చినవాడు మనోలో మార్కెజ్. ఇక్కడ వ్యాకరణం గమనించాలి. ‘ఆలి’ ప్రత్యయం పని జరగాలని చెబుతుంది గాని ఎవరు చెయ్యాలో చెప్పదు. ఓనరా, డైరెక్టరా, దేవుడా? కర్త స్థానం ఖాళీ. ఆ ఖాళీలో మాట్లాడేవాడు నిలబడలేడు, ఆ సంగతి అతనికీ తెలుసు.

ఈ వాక్యాన్ని విధివాక్యంగా, అంటే ‘ఇలా చెయ్యి’ అనే ఆజ్ఞగా చదివేవాళ్లు పూర్వపక్షులు. వాళ్ల వాదం తేలిగ్గా తీసెయ్యదగింది కాదు. ఆజ్ఞ అయితే దానికి ఫలం చూడాలి కదా, చూద్దాం అంటారు. 2020లో చూస్తే ఆజ్ఞ సరైనదే: కోచ్ మారాడు, జట్టు మరుసటి సీజన్లో ఐదో స్థానానికి, ఆ తర్వాత 2022 మార్చి 20న గోవా ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు దాకా వెళ్లింది. 2023–24లో మళ్లీ అట్టడుగు, 22 మ్యాచ్‌లలో ఒక్క గెలుపు. వాక్యం మళ్లీ వినిపించింది, అక్షరం పొల్లుపోకుండా. కానీ ఈసారి రోగం వేరు. జీతాల బకాయిలు, ఫిఫా బదిలీ నిషేధం, సీజన్ మధ్యలో సంచి సర్దుకున్న ఆటగాళ్లు. మిగిలిన కుర్రాళ్లను వెంటబెట్టుకుని కోచ్ తంగ్‌బోయి సింగ్తో మైదానంలోకి వస్తుంటే, ఆయన్ని పీకితే బాగుపడుతుందనడం చమురు లేని దీపానికి వత్తి మార్చమనడమే. 2024 డిసెంబర్‌లో ఆయనా వెళ్లాడు. ఆ సీజన్లో 13 జట్లలో మనది 12వ స్థానం. కనుక, అంటారు పూర్వపక్షులు, ఇది ఒకసారి గుడ్డిగా తగిలి, ఇంకోసారి గుడ్డిగా తప్పిన రాయి. దీనికి వ్యాఖ్య ఎందుకు?

సమాధానం: వాక్యం విధి కాదు, అర్థవాదం, అంటే మెచ్చుకోలో నిందో. మీమాంసకుల దగ్గర ‘నహి నిందా న్యాయం’ అని ఒకటుంది. నింద అన్నది నిందించినదాన్ని తిట్టడానికి కాదు, దాని పక్కనున్న మరోదాన్ని నెత్తినెత్తుకోవడానికి అని దాని సారం. ఆ కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే బరువంతా ‘పీకెయ్యాలి’ మీద లేదు, ఎవరూ లెక్కలోకి తీసుకోని మొదటి పదం మీద ఉంది. ‘మన’. తెలుగుకి ఉన్న సౌకర్యాల్లో ఇదొకటి: ఎదుటివాణ్ని బయట నిలబెట్టి చెప్పడానికి ‘మా’, లోపలికి లాక్కుని చెప్పడానికి ‘మన’. ఈ వాక్యం ‘మా కోచ్‌ని’ అనదు. వినేవాడికి జట్టులో సగం వాటా రాసిచ్చి, ఆ తర్వాతే తిట్టడం మొదలుపెడుతుంది. ‘బ్రో’ ఆ దస్తావేజు మీద సాక్షి సంతకం. వాక్యం చివర ‘ఈ టీమ్’ అనడంతో స్వామ్యం పోయిందని కొందరు అపోహపడతారు. ఇళ్లలో జరిగేది గుర్తు చేసుకోండి. ర్యాంకు వస్తే ‘మనవాడు’, సప్లిమెంటరీ వస్తే ‘నీ కొడుకు’, తల పట్టుకున్నప్పుడు ‘ఈ పిల్లాడు బాగుపడడు’. ‘ఈ’ అంటే చెయ్యి చాపినంత దూరం, అంతకుమించి కాదు. అభిమాని ఎంత కోపంలోనూ ‘మీ టీమ్’ అన్న దాఖలా లేదు. కాబట్టి తాత్పర్యం: జట్టు మనదైంది కాబట్టి వాదిస్తున్నారు అనుకోవడం తిరగేసిన అన్వయం. వాదించి వాదించి దాన్ని మనది చేసుకున్నారు.

దీనికి గట్టి రుజువు గోవాలో ఉంది. కరోనా వల్ల 2020–21, 2021–22 సీజన్లు రెండూ పూర్తిగా గోవాలోనే జరిగాయి. హైదరాబాద్ కప్పు గెలిచిన ఏడాది గచ్చిబౌలి గడ్డి మీద ఆ జట్టు ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. అదే కాలంలో హైటెక్ సిటీ కూడా తన ఊళ్లో లేదు. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని గుంటూరుకో కరీంనగర్‌కో రాజమండ్రికో వెళ్లిపోయింది. ఇల్లు లేని జట్టు, ఆఫీసు లేని అభిమాని. మధ్యలో ఉన్నదల్లా ఫోను, అందులో వాదన. స్ట్రైకర్ ఒగ్బెచే వయసు అయిపోయిందా లేదా (కప్పు సీజన్లో 18 గోల్స్ కొట్టి ఆయనే తేల్చాడు), లిస్టన్ కొలాసోను మోహన్ బగాన్‌కు అమ్మడం తెలివా తప్పా, గోల్ దగ్గర కట్టిమనిని నమ్మొచ్చా. చివరి ప్రశ్నకు ఫైనల్లో జవాబొచ్చింది. రాహుల్ గోల్‌తో కేరళ ముందుంటే 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు, పెనాల్టీల్లో కట్టిమని మూడింటిని ఆపాడు. మైదానంతో, టికెట్‌తో, జెండాతో నిమిత్తం లేకుండా ‘మన’ పుట్టగలదని ఇంతకంటే ఏం చూపించాలి?

రెండో ఆక్షేపణ: జట్టులో మనవాళ్లెవరు? ఒగ్బెచే నైజీరియా, కెప్టెన్ జొవావో విక్టర్ బ్రెజిల్, కట్టిమని గోవా, ఆశిష్ రాయ్ సిక్కిం. తెలుగు పేరు కోసం జాబితాను పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చదివినా పెద్దగా ప్రయోజనం లేదు. నిజమే. అయితే సైబర్ టవర్స్‌లో ఏ లిఫ్టులోనైనా ఇదే జాబితా చదవొచ్చు. మలయాళీ, ఒడియా, బెంగాలీ, మరాఠీ, అనంతపురం, శ్రీకాకుళం. వీళ్లలో ఇక్కడ పుట్టినవాళ్లను వేలెత్తి చూపడం కష్టం. ఈ కారిడార్‌లో స్థానికత అంటే పుట్టిన ఊరు కాదు, పార్కింగ్ స్లాట్. మరి జాబితాలో ‘మన’ లేదనడానికి వీల్లేకుండా కాలం ఒక శ్లేషను కూడా ప్రసాదించింది. ‘మనోలో’ అన్న నామానికి స్పెయిన్ వాళ్లు ఏ వ్యుత్పత్తి చెబుతారో చెప్పనివ్వండి, గచ్చిబౌలి నిఘంటువులో అది ‘మనోళ్లలో ఒకడు’కి సంక్షిప్త రూపం. మూడు సీజన్లు ఉండి, వేళ్లు దిగనిచ్చి, ఎవరూ పీకకుండానే 2023లో గోవాకు వెళ్లాడు.

మూడో ఆక్షేపణ ఇంకా పదునైనది. ఇది మన ఆట కాదు, శనివారం రాత్రి ఇంగ్లండ్ లీగ్ చూసి నేర్చుకున్న అరువు మాటలివి అంటారు. సగం ఒప్పుకుంటాను. ఒప్పుకోని సగం ఇది. స్కూల్ టీచర్‌గా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1951లోనూ 1962లోనూ ఏషియన్ గేమ్స్ స్వర్ణం తెచ్చింది. 1962 జకార్తాలో తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఆయన ఫార్వర్డ్‌గా దింపాడు. ఇవాళ ఏ కోచైనా ఆ పని చేస్తే మన మూలవాక్యం మొదటి అర్ధభాగం ముగిసేలోపే పుడుతుంది. జర్నైల్ సెమీస్‌లో ఒక గోల్, దక్షిణ కొరియాతో ఫైనల్లో ఒక గోల్ కొట్టాడు. కనుక ఎవర్ని ఎక్కడ ఆడించాలన్న తర్కం ఈ ఊరికి కొత్త కాదు. ఒప్పుకునే సగం: ఆ తర్కం పాతబస్తీ, సికింద్రాబాద్ మైదానాల్లోనే ఆగిపోయింది, గచ్చిబౌలికి రాలేదు. ఇక్కడి కుర్రాడికి ఫెర్గూసన్ తెలిసినంతగా రహీం తెలియడు, ఆయన మీద సినిమా వచ్చాక కొంచెం తెలిశాడు. వంశవృక్షం మధ్యలో తెగింది. తెగినా, వేరే చెట్టు నుంచి అంటు తెచ్చి కట్టుకున్నారు, అది కాసింది.

ఇక అధికార నిర్ణయం. ఈ శాస్త్రానికి అధికారి ఎవరు? బంతి తన్నడం రానివాడు ఆటగాణ్ని బెంచ్ మీద కూర్చోబెట్టాలనడం అధికప్రసంగం కాదా? ‘బెంచ్’ శబ్దం దగ్గర కాస్త ఆగాలి. లోకంలో దీనికి ఒకటే అర్థం, సైబరాబాద్‌లో రెండు. ప్రాజెక్టు దొరక్క, జీతం వస్తున్నా నిద్ర పట్టక, ఎప్పుడు పిలుస్తారో ఎప్పుడు పొమ్మంటారో తెలియక కూర్చునే పీఠం కూడా బెంచే. ‘రిలీజ్’, ‘లోన్’, ‘నోటీస్’, ‘కాంట్రాక్టు’ అన్నీ ఈ కోవలోవే. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఈ క్రియలకు కర్మగా ఉన్నవాడు శనివారం సాయంత్రం ఒక్క వాక్యంలో వాటికి కర్త అవుతాడు. కర్మణి నుంచి కర్తరికి ఈ మార్పే అతని అధికారం. ఆ సాయంత్రం అతను క్రూరంగా ఉంటాడని కొందరంటారు, కాదనను. అప్రైజల్‌లో తనకు పడ్డ మాటలే కాస్త ఉప్పూకారం వేసి లెఫ్ట్ బ్యాక్‌కి తిప్పి పంపుతుంటాడు. ఇది శ్లాఘ్యం కాదు. అయినా తెలియక మాట్లాడుతున్నాడన్నది మాత్రం నిలవదు. బెంచ్ మీద కూర్చుంటే ఏమవుతుందో ఆ గ్యాలరీకి తెలిసినంత బాగా ఏ టీవీ విశ్లేషకుడికీ తెలియదు.

చివరగా పాఠనిర్ణయం. 2024 సెప్టెంబర్‌లో మనోలో మళ్లీ గచ్చిబౌలి వచ్చాడు, ఈసారి భారత జట్టు కోచ్‌గా. మారిషస్‌తో 0–0, సిరియా చేతిలో 0–3. అదే మైదానం, అదే మనిషి. ‘మన కోచ్‌ని పీకెయ్యాలి’ అన్న వాక్యంలో ‘మన’ అప్పుడు రెండు తీర్ల అన్వయించింది: హైదరాబాద్ మన, దేశం మన. ఏది తీసుకోవాలో వ్యాఖ్యాతలు తేల్చలేదు. 2025 అక్టోబర్‌లో కొత్త ఓనర్లు జట్టును ఢిల్లీకి తీసుకెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చారు. డిసెంబర్‌లో మెస్సి ఉప్పల్‌కి వచ్చాడు. ఆ సాయంత్రం ఊరు ఊరంతా ఫుట్‌బాల్ ఊరే, కాకపోతే మెస్సిని పీకెయ్యాలని ఎవరంటారు, చప్పట్లు కొట్టి రావడమే. అజీజ్‌నగర్‌లో శ్రీనిధి డెక్కన్ ఉంది, ఐ–లీగ్‌లో వరుసగా రెండుసార్లు రెండో స్థానంలో నిలిచిన జట్టు. మూలవాక్యం అక్కడికి మెల్లగా వలస పోతోందని ఒక వాదం. నాకు దొరికిన ఆఖరి ప్రతి మాత్రం కొండాపూర్‌ది. అందులో పాఠం కొంచెం వేరు: “మన మనోలోని అప్పుడు పోనివ్వకుండా ఉండాల్సింది బ్రో, ఆ టీమ్” అని ఉంది. ‘ఈ’ ఉండాల్సినచోట ‘ఆ’ పడింది. అది రాయసకాడి పొరపాటు కాదు. తరవాతి ముక్క ఆ ప్రతిలో లేదు.