నడిచింది వార్డులో, ఉండాల్సింది ఊళ్లో

మోకీళ్ల మార్పిడి హోర్డింగుల మీద నవ్వే పెద్దాయన ఎప్పుడూ చదునైన పచ్చికలోనే నడుస్తాడు. గడప దాటుతూ ఎక్కడా కనపడడు. పక్కనే పెద్దక్షరాల్లో హామీ: నేడు ఆపరేషన్, రేపు నడక, మూడోనాడు ఇంటికి. మర్నాడు నడిపించడం అబద్ధం కాదు, తప్పూ కాదు. రోజుల తరబడి పడుకోబెడితే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది కాబట్టే వాకర్ ఇచ్చి త్వరగా లేపుతున్నారు. మోసమల్లా ఆ నాలుగడుగులను ముగింపుగా చూపించడంలో ఉంది. మోకాలు పూర్తిగా కుదురుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది. ఆ సంగతి హోర్డింగు మీద పట్టలేదు కాబోలు.

ఆసిఫాబాద్ నుంచి రాజురా వెళ్లే దారిలో, మహారాష్ట్ర సరిహద్దు దాటగానే తగిలే లక్కడ్‌కోట్ లాంటి ఊరికి ఆ మూడోనాటి మనిషిని పంపండి. ఆస్పత్రిలో నున్నటి టైల్స్, గోడకు పట్టుకునే కడ్డీ, ఎత్తు కమోడ్, పక్కనే ఫిజియోథెరపిస్ట్. పల్లె ఇంట్లో ఎత్తు గడప, వంగిపోయే నవారు మంచం, గొంతుక్కూర్చోవలసిన దొడ్డి. నొప్పి తగ్గుతుందని ఇంట్లోవాళ్లు ప్రేమగా మోకాలి కింద దిండు పెడతారు. అలా వారాల తరబడి ఉంచితే కాలు పూర్తిగా చాపుకోవడమే కష్టమవుతుంది. దిండు మడమ కింద పెట్టాలని, నొప్పి ఉన్నా కాలు చాపి వంచుతూ ఉండాలని చెప్పేవాళ్లు వార్డులోనే ఉండిపోయారు. కుర్చీలోంచి లేవాలంటే మోకాలు 90 డిగ్రీలదాకా వంగాలి. మొదటి వారాల్లో వంచనిది తర్వాత మత్తిచ్చి వంచాల్సి రావచ్చు. ఆ బోర్డు కూడా ఎక్కడా కనపడదు.

"వ్యాయామాల కాగితం ఇస్తున్నాం కదా, ఇంట్లో కోడలు ఉంది కదా" అంటారు ఆస్పత్రివాళ్లు. కాగితం మోకాలిని వంచదు. కోడలు వంచగలదేమో గానీ, పొలం, పొయ్యి, పిల్లల మధ్య ఆమెను జీతం లేని థెరపిస్టుగా నియమించింది ఎవరు? పిక్క వాచి నొప్పెడితే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలని ఆమెకు ఎవరు చెప్పారు? సర్కారు ఏమీ చేయలేదనీ అనలేం. 2017 ఆగస్టులో కోబాల్ట్ క్రోమియం మోకీలు ధరను, పన్ను కాక, 54,720 రూపాయలకు కట్టడి చేసింది. లోపల పెట్టే లోహానికి గరిష్ఠ ధర ఉంది; బయట దాన్ని కదిలించే చేతులకు లెక్కే లేదు. ఆయుష్మాన్ భారత్ డిశ్చార్జి తర్వాత మందులకు, పరీక్షలకు 15 రోజులు లెక్కగట్టింది. మోకాలికి మాత్రం ఆ క్యాలెండరు అందినట్టు లేదు.

పొరుగున జివతి తాలూకాలో 14 ఊళ్లను మావంటే మావని తెలంగాణ, మహారాష్ట్ర రెండూ పట్టుబడుతున్నాయి, రెండూ రేషన్ కార్డులు ఇచ్చాయి. ఆ పోటీ ఏదో ఒక్క ఫిజియోథెరపిస్టును వారానికి రెండుసార్లు బండి మీద పంపడంలో చూపిస్తే ఎవరు గెలిచినా మనకు సంతోషమే.

అప్పటిదాకా ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: కుట్లు విప్పాక మా ఊళ్లో ఈ మోకాలు వంచేది ఎవరు, ఎంతకు? జవాబు రాసిచ్చాకే పెన్ను పట్టండి.