గోవా కానిదేదీ సముద్రం కాదట!

తెలుగువాడికి సముద్రానికేం కొదవ లేదు. పాత లెక్కలో 974 కిలోమీటర్ల తీరం. వంపులన్నీ కలిపి కొత్తగా కొలిస్తే 1,053 తేలింది. ఇంత ఉండీ ఒక్కటే బెంగ: అది గోవాలా లేదు.

యూట్యూబ్ తెరిచి చూడండి. సూర్యలంక మినీ గోవా. రామాపురం మినీ గోవా. మైపాడు నెల్లూరోళ్ళ గోవా. భీమిలి సరేసరి, ఆంధ్రా గోవా. గోదావరి దగ్గరికి వచ్చేసరికి రాష్ట్రం మారిపోతుంది, కోనసీమ ఆంధ్రా కేరళ. కాస్త పక్కకి తిరిగి కొండెక్కితే లంబసింగి కాశ్మీరు, అరకు ఊటీ. బట్టల వ్యాపారం పుణ్యమా అని చీరాల ఎప్పటినుంచో చిన్న బొంబాయి. ఇచ్ఛాపురంలో కారెక్కి తడలో దిగితే సగం దేశం చుట్టొచ్చినట్టే. దారిలో ఆంధ్రప్రదేశ్ ఒక్కటే ఎక్కడా తగలదు.

పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళతో "మావాడు అచ్చం పక్కింటి కుర్రాడిలా ఉంటాడండీ" అని మురిసిపోయే తండ్రిని ఎక్కడైనా చూశామా? సముద్రం విషయంలో మనందరం ఆ తండ్రులమే. పర్యాటకం మీద ఉపన్యాసమిచ్చే నాయకుడి నోటా గోవాయే, రిసార్టు కరపత్రంలోనూ గోవాయే, సెల్ఫీ కర్ర పట్టుకున్న కుర్రాడి కేకలోనూ గోవాయే. ఆ కుర్రాడు గోవా చూశాడా అని మాత్రం అడక్కండి. దేవుణ్ణి చూసినవాళ్ళే భక్తులు కావాలని రూలేం లేదు.

దీనికి తోడు కోస్తా రోడ్ ట్రిప్ అనే కొత్త వ్రతం ఒకటి బయల్దేరింది. దానికి విధివిధానాలున్నాయి. తెల్లారకముందే బయల్దేరాలి. మొదటి టీ బంకు దగ్గర కారు బానెట్ మీద గ్లాసు పెట్టి ఫొటో తీయాలి. సముద్రం కనబడగానే డ్రోను ఎగరేయాలి. వెనకాల పార్కింగులో కార్లు బారులు తీరి ఉండగా, ఈ చోటు ఇంకా ఎవరికీ తెలీదని కెమెరాతో గుసగుసలాడాలి. రొయ్యల వేపుడు తిని కళ్ళు మూసుకుని తలాడించాలి. చరిత్ర ఎదురైతే పాట శబ్దం పెంచి దాటెయ్యాలి. వ్రతఫలం లైకులు.

విశాఖ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు ముప్ఫై కిలోమీటర్లకి అటూ ఇటూ. ఆ కాస్త దూరంలో దాటెయ్యాల్సిన చరిత్ర మరీ ఎక్కువైపోయింది, పాపం. తొట్లకొండ మీద రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ ఆరామం ఉంది. రాతిలో తొట్లు తొలిచి వాననీళ్ళు దాచుకున్న భిక్షువులు అక్కడి నుంచి సముద్రాన్ని చూశారు. మనం అక్కడికి పోయి సముద్రం వైపు తిరిగి మనల్ని మనం చూసుకుంటున్నాం, ఫోన్లో. 2019 అక్టోబరు వానలకి అక్కడి మహాస్తూపం ఒకవైపు కూలితే రెండు రోజులు వార్తైంది. దానికంటే అక్కడ జరిగే పెళ్ళి ముందరి ఫొటో షూట్‌లకి ఆదరణ ఎక్కువ.

ఇంకాస్త ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ళపాటు సముద్రం ముందుకొచ్చీ వెనక్కి పోయీ, గాలి ఇసుకని మోసుకొచ్చి పోసీ, అందులోని ఇనుము తుప్పెక్కి ఎర్రబడితే తయారైన దిబ్బలవి. ఇలాంటివి మళ్ళీ చూడాలంటే తమిళనాడు దక్షిణ తీరానికో శ్రీలంకకో పోవాలి. భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. వాటి నడుమ నిలబడి మన వ్లాగరు సెలవిచ్చేది: "రాజస్థాన్ వెళ్ళక్కర్లేదు ఫ్రెండ్స్!" నిజమే. 2024లో ఇళ్ళ స్థలాల కోసం అక్కడే యంత్రాలు దిగి నేల చదును చేస్తుంటే గగ్గోలు పుట్టి పని ఆగింది. ఆగకపోతే ఎర్రమట్టి దిబ్బలకీ వెళ్ళక్కర్లేకపోయేది.

ఇక భీమిలి. గోస్తనీ నది సముద్రంలో కలిసే ఊరు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు వచ్చి కోట కట్టుకుని బట్టల వ్యాపారం చేసుకున్నారు. 1825లో ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. 1861లోనే మున్సిపాలిటీ అయి, దేశంలో రెండో పాత మున్సిపాలిటీ మాదేనని చెప్పుకునేది. ఇప్పుడు విశాఖ కార్పొరేషన్లో కలిసిపోయింది. లైట్ హౌస్, గడియార స్తంభం, పెంకుటిళ్ళు, సముద్రపు ఉప్పుగాలికి పెచ్చులూడుతున్న బంగళాలు ఉన్నాయి. మొనతేలిన డచ్ సమాధుల మీద ఆ కాలపు అక్షరాలు ఇంకా కనిపిస్తాయి. వాటి పక్కనే ఈ కాలపు అక్షరాలూ కనిపిస్తాయి, మధ్యలో బాణం గుచ్చిన గుండె బొమ్మతో సహా. బట్టల వ్యాపారానికి సముద్రాలు దాటొచ్చి, మళ్ళీ ఇంటి ముఖం చూడకుండా ఇక్కడే పోయినవాడి సమాధి మీద కూర్చుని చిప్స్ తింటూ మనవాడు అడుగుతాడు: "ఇక్కడ చూడ్డానికేముంది బ్రో?"

సరే, గోవాయే కావాలనుకుందాం. ఎత్తుకొచ్చేదేదో సరిగ్గా ఎత్తుకొచ్చామా? ఓల్డ్ గోవా చర్చిలకి 1986లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. పణజీలో ఫొంటాయిన్హాస్ అనే పేట ఉంది. పోర్చుగీసు నాటి ఇళ్ళకి పసుపూ నీలం రంగులేసుకుని జనం అందులోనే కాపురాలుంటున్నారు. చూడ్డానికి వచ్చేవాళ్ళు ఆ వీధులు నడిచి చూస్తారు. మనవాళ్ళు ఆ పేటని వదిలేసి వెదురు గుడిసె, రంగుల గొడుగు, ఊయల, బీరు సీసా మాత్రం దిగుమతి చేసుకున్నారు. పైగా తమ ఊరు పాడైపోతోందని గోవావాళ్ళే మొత్తుకుంటుంటే, ఆ పాడైన ముక్కే కావాలని మనం బతిమాలుకుంటున్నాం.

ఇదంతా వట్టి గొప్పలకి పోవడమే అయితే నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఊరు గోవా కావాలంటే గోవాలో లేనిదంతా అడ్డమవుతుంది కదా. ముందుగా అడ్డొచ్చేవాడు చేపల వేటగాడు. ఒడ్డున నిలబడి రెండు వైపులా తాళ్ళు పట్టి లాగే అలివి వలకి బారెడు ఇసుక కావాలి. నెత్తళ్ళు ఎండబెట్టడానికి ఇసుక కావాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ మరపడవలు కట్టేసి ఉండాల్సిందే. సరిగ్గా అవే మన వేసవి సెలవులు. "బీచ్ బావుంది గానీ చేపల వాసన" అని రివ్యూ రాసి రెండు నక్షత్రాలు తగ్గించేవాళ్ళు అప్పుడే తయారవుతారు. సముద్రం ఒడ్డున చేపల వాసన రాకపోతే సంపెంగల వాసన వస్తుందా నాయనా? ఆ రాత్రి రిసార్టులో వేపుడు ముక్కకి అయిదు నక్షత్రాలిచ్చేదీ ఈయనే.

ఉప్పాడని గోవా అనడానికి మాత్రం తీరిక ఉండదు. సముద్రమే ఊరిని ఏటా కొంచెం కొంచెం తినేస్తోంది. కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు ప్రతి తుపానుకీ కోసుకుపోవడం, వెనకాలే రాళ్ళు పోసి బాగుచెయ్యడం అలవాటైపోయింది. తుపాను వెలిశాక ఒడ్డున బంగారు రేణువులు దొరుకుతాయని జనం ఇసుక జల్లెడ పడతారు. మనవాళ్ళకి అది వీడియో. ఆ బంగారం సముద్రంలో కలిసిన ఇళ్ళదీ గుళ్ళదీ అయ్యుంటుందని ఊళ్ళో పెద్దలంటారు. ఆ ముక్క వీడియోలో ఉండదు.

ఈ పోలికల్లో యానాం ఇంకో అడుగు ముందుకేసి ఏకంగా ప్యారిస్ టవర్ లాంటిదే నిలబెట్టుకుంది. 1954 దాకా ఫ్రెంచి జెండా ఎగిరిన ఊరు కాబట్టి వాళ్ళనేమీ అనను. బందరుది ఇంకో కథ. డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ 17వ శతాబ్దం మొదట్లోనే కలంకారీ అద్దకం బట్టల కోసం ఎగబడిన రేవు. 1864 నవంబరు ఉప్పెన ముప్ఫై వేల ప్రాణాలు తీసిందంటారు. బందరుకోట గోడలు ఇప్పటికీ ఉన్నాయి. రోడ్ ట్రిప్పర్లు లడ్డూ కొనుక్కుని, మంగినపూడిలో మునిగి, వెనక్కి తిరుగుతారు.

చీరాల పక్కన మోటుపల్లి ఉంది. మార్కోపోలో రాసిన రేవు. అక్కడి వీరభద్రాలయంలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. తుపానుకి దారితప్పి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా అంతకుముందు రాజులు లాక్కునేవారట. నేను అలా చెయ్యను, ముందే నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాను, భయపడకుండా రండి అని వర్తకులకి మాటిచ్చాడాయన. ఈ శాసనాన్ని మన బీచ్ రిసార్టుల గేటు దగ్గర మళ్ళీ చెక్కించాలి. పార్కింగుకొక రుసుము, కుర్చీకొకటి, కాళ్ళు కడుక్కోవడానికొకటి, సూర్యోదయం కనబడే గదికి ఇంకొకటి. వారాంతంలో ఒడ్డుకి కొట్టుకొచ్చిన కుటుంబం సోమవారానికి జేబులు దులుపుకుని తేలుతుంది.

అదే చీరాల–పేరాలలో 1921లో పన్నులు పెంచే మున్సిపాలిటీ మాకొద్దని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఊరు ఖాళీ చేసి, బయట పాకలేసుకుని నెలల తరబడి ఉన్నారు. ఆ రామనగర్ పాకలకి ఏ రిసార్టూ సాటిరాదని నా అభిప్రాయం. పక్కనే వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. రామాపురం వెళ్ళే కార్లు జీడిపప్పు కోసం వేటపాలెంలో ఆగుతాయి కాబట్టి, కారు ఎలాగూ ఆగింది, దిగి ఆ గుమ్మం దాకా నడవమని నా విన్నపం.

మోటుపల్లిని మోటుపల్లిలా, భీమిలిని భీమిలిలా చూసే ఓపిక లేనివాళ్ళకి ఇంకో దారి ఉంది. బెంగాల్ నుంచి గోవాలోని వాస్కోడగామా వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ విశాఖలోనూ ఆగుతుంది, విజయవాడలోనూ ఆగుతుంది.